నీకెట్ల తగ్గింది?

ఇయ్యాల కోరుట్లల బోనాలు పోతుంటే వేపాకు వాసనకు నా పానం జల్లుమన్నది. నా తోటోళ్ళకు యాదికుంటది, ఊర్ల పిల్లలందరికి అమ్మోరు పోసిన ఆ ఎండకాలం.

ఎల్లారెడ్డిపేట దిక్కు మా ఊర్ల ఏసయ్యను నమ్మిన ఇల్లు మాదొక్కటే. కులపెద్ద అచ్చి వాకిట్ల నిలబడ్డడు.

"మీ ఇంట్లకెళ్ళి పోచమ్మకు బోనం రాలే. గందుకే పిల్లలు మంచాన పడ్డరు."

"మేం బోనం ఎత్తం అన్నా. పిల్లలందరి కోసం ప్రార్థన చేస్తున్నం," అన్నది అమ్మ.

ఆయన నా దిక్కు చూసుకుంట పోయిండు.

తెల్లారి నా పొట్ట మీద పొక్కులు లేచినయి. అమ్మ నా గౌను కిందికి గుంజి తలుపేసింది. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

"ఒక్క బోనమే కదా, పెడుదాం," అన్నడు బాపు.

"భయపడి పెడితే రేపు ఇంకేమడుగుతరో," అన్నది అమ్మ.

పది రోజులు కిటికీ సుత తెరవలే. బయట ఎవలో అచ్చి ఆగేది, మళ్ళ పోయేది.

జ్వరం దిగినంక బయటికి అచ్చిన. నా దోస్తు లావణ్య ఇంక మంచంల్నే ఉన్నదట. వాళ్ళమ్మ నా మచ్చలు చూసి మెల్లగ అడిగింది, "నీకెట్ల తగ్గింది?"

నేను గౌను కిందికి గుంజుకున్న. ఆమె మా ఇంటి దిక్కు చానసేపు చూసింది.

"ఇగ మనల్ని ఈ ఊర్ల ఉండనీయరు," అనుకుంట ఆ సాయంత్రమే బాపు సామాను కట్టిండు, సిరిసిల్లకు అచ్చినం. లావణ్యకు తగ్గిందో లేదో నాకిప్పటికీ తెల్వది.