రైలెక్కిన ఒంటిచేతి స్వెట్టరు

నేను రోజూ ఎక్కే బస్సు డ్రైవరు చేతులు చూస్తే ఎవరైనా ఇతను రాళ్లు కొట్టేవాడనుకుంటారు. చివరి స్టాపులో బండి ఆగిందో లేదో, ఆ చేతులే సీటు కిందనుంచి సూదులూ ఊలు ఉండా తీసి టకటకా అల్లడం మొదలుపెడతాయి. నేను తిరగని చోటు లేదు. వలలు బాగుచేసుకునే పడవవాళ్లనూ, బుట్టలల్లే ముసలమ్మలనూ నోరు తెరుచుకు చూస్తూ ఎన్నో రైళ్లు పోగొట్టుకున్నవాణ్ణి. అయినా స్టీరింగు మీద మోచేతులానించి మఫ్లరు అల్లేవాణ్ణి మాత్రం ఇతన్నే చూశాను.

మొదట్లో అన్నీ మఫ్లర్లే. ఎక్కడ ఆపాలో తెలియక ఒకటి ఎంత పొడుగు అల్లాడంటే, కండక్టరు దాన్ని మెడకు చుట్టుకోగా మిగిలింది ముందు సీటువాళ్లందరికీ కప్పాడు. తర్వాత గేరురాడ్డుకి టోపీ, ఫ్లాస్కుకి చొక్కా. ఆపైన కండక్టరుకి స్వెట్టరు. దానికి అన్నీ కుదిరాయి, తల దూరడం తప్ప.

"తలకాయ తీసి టిక్కెట్ల సంచిలో పెట్టుకుని తొడుక్కోమంటావా గురూ?" అన్నాడు కండక్టరు.

డ్రైవరు మెడ విప్పి మళ్లీ అల్లాడు. విప్పడానికి సిగ్గుపడనివాడికే ఈ విద్య పట్టుబడుతుంది. పుస్తకాలు రాసేవాళ్లకీ ఇదే వర్తిస్తుందనుకోండి. ఆ గొడవ ఇప్పుడెందుకు, అవతల రైలు వెళ్లిపోతుంది.

రైలంటే, అతని చెల్లెలెక్కాల్సిన రైలు. ఆమె నర్సు. ఫ్యాను తిరిగితేనే దుప్పటి వెతుక్కునే మనిషి, అన్నకు ఒక్క మాటైనా చెప్పకుండా మంచు పడే కొండల మీద ఆసుపత్రిలో ఉద్యోగానికి ఒప్పుకుంది. ఆ చలి మనిషి కోసమే అతను అప్పటికి మంకెనపువ్వు రంగు స్వెట్టరు మొదలెట్టి, ఒంటిభాగమూ ఒక చెయ్యీ ముగించాడు. సంగతి తెలిశాక ఇంట్లో మాటల్లేవు. ఉప్పిటివ్వు, తలుపేసుకో, అంతే. రెండో చెయ్యి ఆ మౌనంలోనే అల్లాడు.

ఆమె బయల్దేరిన రోజు నేనూ అదే రైలెక్కాను. ఎందుకని అడక్కండి, రైలు కనిపిస్తే ఎక్కడం నా జబ్బు. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద అన్నాచెల్లెళ్లు.

"తొడుక్కో," అన్నాడు డ్రైవరు, ఎటో చూస్తూ.

కుడిచెయ్యి హాయిగా దూరింది. ఎడమది మోచేతి దగ్గరే బిగుసుకుపోయింది.

"ఇదేం చెయ్యి అన్నయ్యా, సీసా మెడా?"

"అదే ఊలు, అవే సూదులు, అన్నే కుట్లు!" అంటూ నొక్కి చూశాడు. అట్టముక్కలా ఉంది. కోపమొస్తే వేళ్లు దారాన్ని లాగి బిగిస్తాయని అల్లేవాళ్లందరికీ తెలుసు. అతని మొహం చిన్నబోయింది. "నిన్ను తిట్టుకుంటూ అల్లానే."

"నోటితో తిడితే పోయేదిగా! వదిలేయ్, దుప్పటి కప్పుకుంటాలే."

"ఒంటిచేత్తో పంపిస్తే నా పరువేం కావాలి?"

భుజం దగ్గర కుట్టు తెంపి, కొస పట్టుకుని సర్రున లాగాడు. చెయ్యంతా ఉంగరాల జుట్టులా కుప్పపడింది. అంతలో రైలు కూత! పెట్టెతో ఆమె ఎక్కింది. వెనకే అతను, చంకలో ఊలు, నోట్లో సూదులు.

"మీరా సారూ! ఈ ఊలు కాస్త పట్టుకోండి," అంటూ నా ఎదురుగా కూలబడ్డాడు. మధ్యాహ్నం వచ్చే జంక్షన్లో దిగి వెనక్కి వెళ్లకపోతే మర్నాడు డ్యూటీ పోతుంది. ఈలోగా చెయ్యి పూర్తవ్వాలి. స్వెట్టరు ఆమె ఒంటి మీదే ఉంచి, చంక చుట్టూ కుట్లు ఎత్తుకుని, పొట్టి సూదులు గుండ్రంగా అమర్చి, భుజం నుంచి కిందికి అల్లుకొచ్చాడు. లావు ఊలు కావడం మా అదృష్టం. బోగీ బోగీ అంతా మా చుట్టూ మూగింది.

"పొడుస్తావేమో నాయనా!" అంది పక్కావిడ.

"ఇన్నేళ్లు బస్సు నడిపానమ్మా, ఎవర్నీ గుద్దలేదు."

టీసీ వచ్చాడు. "టికెట్?"

"చేతులు ఖాళీ లేవు సార్. ఎంతైతే అంత నా జేబులోంచి మీరే తీసుకోండి."

టీసీ రసీదు రాసిచ్చాడు గానీ కదల్లేదు. "మోచేతి దగ్గర కాస్త వదులుగా పోనియ్యవయ్యా," అన్నాడు.

"ఎందుకు చెప్పలేదే నాకు?" అన్నాడు డ్రైవరు, సూదుల మీంచి చూపు తిప్పకుండా.

"చెబితే వెళ్లనిచ్చేవాడివా?"

"లేదు."

"అందుకే."

అతనికి నవ్వాగలేదు. ఆమెకీ అంతే. "పిల్లల వార్డుకి నేనే పెద్దనర్సుని, తెలుసా?" అంది.

"నువ్వా! ఇంజెక్షనంటే మంచం కిందికి దూరేదానివి!"

ఇక మాటలు గేట్లెత్తినట్టే. సూదులు వాటితో పరుగు. జంక్షను సిగ్నలు కనిపించాక గానీ అతను చేతిలోకి చూసుకోలేదు.

"అయ్యో, మణికట్టు దాటి వేళ్ల దాకా వచ్చేసిందేమే! ఆపమనొద్దూ?"

"నువ్వు మాట్లాడుతున్నావుగా," అంది ఆమె మెల్లగా.

రైలు ఆగింది. అతను కుట్లు ఒక్కొక్కటే మూస్తున్నాడు. "కానీ, కానీ!" అని బోగీ అంతా కేకలు. "దిగవయ్యా మహానుభావా!" అని తలుపు దగ్గర టీసీ. కత్తెర లేదు. దారం పంటితో కొరికి ఒక్క ఉదుటున దిగాడు. వెంటనే రైలు కదిలింది.

ఆమె కిటికీలోంచి ఆ పొడుగు చెయ్యి జాపి ఊపింది. "అన్నయ్యా! ఈసారి మేజోళ్లు!"

"పాదం కొలత రాసి పంపు!"

"పంపను! కావాలంటే నువ్వే కొండెక్కి వచ్చి తీసుకో!"

"వస్తానే! సెలవు పెట్టి వస్తా! ఏ రంగు?"

ఆమె ఏదో రంగు చెప్పింది. చక్రాల మోతలో పక్కనున్న నాకే వినపడలేదు. ప్లాట్‌ఫారం వెంట పరిగెత్తుతున్న అతనికి మాత్రం వినపడినట్టే ఉంది, సరే సరేనని తలూపాడు.