రోడ్డు కింద పిల్ల

రుఆబాంధా మలుపు రాగానే, బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె చెప్పులు విడిచి రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుంది. మలుపు దాటాక దించింది.

"ఏటైంది మామ్మా?" అన్నాను.

"మేం వచ్చినప్పుడు ఇదంతా అడవేనమ్మా. అప్పుడే స్టీలు ప్లాంటు కడతన్నారు. డేరాలో కాపురం. జొరమొచ్చి నెలల పిల్ల పోయింది. పసిబిడ్డని కాల్చరు కదా, ఇక్కడే పాతిపెట్టేం. తరవాత దాని మీదే రోడ్డేసేరు."

"వద్దని చెప్పలేదా?"

"ఎవులికి చెప్తాను? ఆ రోడ్డుకి కంకర తట్టలు మోసింది నానే."

ఆమె కుమ్హారిలో దిగిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

ఇప్పుడు స్కూటీ మీద ఆఫీసుకి వెళ్తున్నాను. ఆ మలుపే దగ్గర దారి. అయినా చుట్టూ తిరిగి వెళ్తాను. ఆలస్యమెందుకైందని అడిగితే, ట్రాఫిక్ అంటాను.