పసుపుకొమ్ము కాలిన వాసన

మొన్న అచ్చంపేట వైపు నుంచి తెచ్చిన పసిబిడ్డ గుడ్డలు విప్పుతుంటే కాలిన పసుపుకొమ్ము వాసన గుప్పుమంది. పొట్ట చుట్టూ పచ్చి వాతలు. నాగర్‌కర్నూల్‌లో పసికందుల ఐసీయూ డాక్టర్‌గా ఇన్నేళ్లు పనిచేసినా ఆ వాసన నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

మాది తెలకపల్లి దగ్గర పల్లె. చలికాలం పల్లి చేను పీకే రోజుల్లో ఊరంతా పచ్చిమట్టి వాసన వేసేది. పొద్దుగూకేసరికి పొయ్యి మీద పల్లికాయ ఉప్పేసి ఉడికేది, మేము చిర్రగోనె ఆట వదిలి పరుగెత్తుకొచ్చి వేళ్లు కాలుతున్నా ఒలుచుకుని తినేవాళ్లం, నాయనమ్మ గడప మీద చుట్ట కాలుస్తూ తను ఒలిచిన గింజలన్నీ నా దోసిట్లోనే పోసేది. నేనంటే ఆమెకు ప్రాణం. నా పొట్ట మీది మచ్చలూ ఆమె పెట్టినవే. కామెర్లకు ఊళ్లో అందరూ చేసే వైద్యం అదే.

అలాంటి ఒక సాయంత్రమే, పుట్టి వారం కూడా కాని తమ్ముడి కళ్లు పచ్చబడ్డాయని నాయనమ్మ పసుపుకొమ్మును నిప్పుల్లో పెట్టింది.

"పసిరికలైనయి. కాల్చకుంటె పిలగాడు దక్కడు," అంది.

బాలింత అమ్మ రోకలి అందుకుని లేచింది. "అత్తా, నా కొడుకును ముట్టుకుంటె తల పగులగొడ్త."

అన్నంత పనీ చేయబోయింది. దెబ్బ నాయనమ్మ భుజం మీద పడింది. నాయిన అమ్మను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి, పల్లికాయ కుప్ప మీద పడేసి తన్నాడు. అడ్డం పోయిన నన్ను చెంప మీద కొడితే పన్ను ఊడి నోరంతా నెత్తురైంది. లోపల తమ్ముడు గుక్కపట్టాడు. నాయనమ్మ ఏడుస్తూనే కాల్చింది. దెబ్బ తగిలిన చెయ్యి వణికి వాతలు లోతుగా దిగాయి.

అవి చీము పట్టాయి. తమ్ముడు పాలు మానేశాడు. దవాఖానకు తీసుకుపోతుంటే జీపులోనే, అమ్మ ఒళ్లో పోయాడు. నాయినను నేను ఇప్పటికీ క్షమించలేదు. నాయనమ్మను మాత్రం ద్వేషించలేకపోయాను, అది తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

డాక్టర్ చదువు అయ్యాక పసికందుల వైద్యంలో చేరితే, వెంట్రుకంత నరంలో సూది గుచ్చడం, చిన్ని గొంతులోకి గొట్టం దించడం, ఆగిపోతున్న గుండెను రెండు బొటనవేళ్లతో నొక్కి ఆడించడం నేర్పారు. అన్నీ తట్టుకున్నాను. పుట్టిన కొద్దిరోజులకు వచ్చే కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయని, ముదిరితే నీలిదీపం కింద పడుకోబెడతామని మా సార్ చెప్పిన రోజు మాత్రం బయటికొచ్చి పిడికిలి చిట్లేదాకా గోడను గుద్దాను.

ఇప్పుడు మా ఊళ్లో పల్లి చేలు లేవు, అంతా పత్తే. చిర్రగోనె ఆడే పిల్లలు లేరు, నాయనమ్మా లేదు. పోయిన నెల అమ్మ నన్ను చూడటానికి దవాఖానకు వచ్చింది. అద్దం అవతల, నీలిదీపం కింద, కళ్లకు గంతలతో నిద్రపోతున్న ఒక బిడ్డను చాలాసేపు చూసింది.

"గా దీపానికి ఒళ్లు కాలదా బిడ్డా?"

"కాలదమ్మా."

"మరేం జేస్తరు?"

"పసిరికలు తగ్గేదాక గట్ల పండవెడ్తం. అంతే."

అమ్మ అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

"గింతేనా," అంది.