మడిచిన చీటీ

తెనాలిలోని మా ల్యాబులో ఆ రోజు ఉన్నవి: ఒక మైక్రోస్కోపు, రెండు స్టూళ్ళు, రేపల్లె నుంచి మేడం తెచ్చిన జామకాయలు, ఒక స్లైడు, మేడం, నేను.

ఒంట్లోని కాపలా కణాలే క్యాన్సరు గడ్డతో పోరాడగలవని ఎవరూ పెద్దగా నమ్మని రోజుల నుంచీ మేడం పరిశోధన అదే. గడ్డలోకి చొరబడిన ఆ కణాలను ఆవిడ లెక్కపెట్టి, అంకెను చీటీ మీద రాసి మడిచేవారు. తర్వాత నేను లెక్కపెట్టాలి. "నా అంకె ముందే వింటే నీ కళ్ళు దాన్నే వెతుక్కుంటాయి" అనేవారు. కణాలు ఎక్కువుంటే రోగికి ఆశ ఎక్కువ.

ఆ స్లైడు మీద పేరు లేదు. కానీ బాపట్ల ఆసుపత్రి నుంచి ఆ గడ్డ ముక్కను తెచ్చింది నేనే. అది మేడం ఒంట్లోది.

"ఎంత బాబూ?"

"పందొమ్మిదండి."

చీటీ విప్పకుండానే నవ్వారు. "ఏంటి, కొసరు కూడా వేశావా? ఇదేమన్నా కూరగాయల బేరమా నాయనా? మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. ఈసారి కొసరు లేకుండా లెక్కపెట్టి, మూడోసారి మొదలుపెట్టాను. ఆవిడే చీటీ విప్పి నా ముందుంచి, చేతిలో ఒక జామకాయ పెట్టారు.

ఇప్పుడు ఎదుటి స్టూలు ఖాళీ. స్లైడు మాత్రం పెట్టెలోనే ఉంది. ఆ రోజు ఒక్కటైనా నా కంట పడకుండా పోయిందేమోనని అప్పుడప్పుడు తీసి లెక్కపెడతాను. నిన్న కూడా లెక్కపెట్టాను. చీటీలో ఉన్న అంకే.

పదకొండు.