సోపు కాగితాల మీది సన్న వరస

మా వీధి ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. ఒంటికి రుద్దుకొనే సోపు విప్పినాక పైకాగితాన్ని పారేసేవాళ్ళం కాదు. చేత్తో సాపు చేసి, ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య పెట్టుకొనేవాళ్ళం, చీరకు వాసన పడుతుందని. మంచి చీర ఒక్కటే ఉన్నా, దాని మడతల్లో కాగితాలు మాత్రం పది ఉండేవి. వాసన పోయినా పారేయడానికి మనసొప్పదు. నా పెట్టెలో అట్లా ఎన్నేండ్లవో పేరుకున్నాయి. అవి ఒకరోజు మా వీధికి నీళ్ళు తెస్తాయని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఉండేదాన్ని.

మా ఊరు బాగేపల్లి నుంచి చింతామణికి పోయే దారిలో, బస్సు దిగి కొంచెం నడిస్తే వస్తుంది. మేముండేది కింది వీధి. చింతామణి మండీల నుంచి చింతపండు మూటలు మా ఇండ్లకు వచ్చేవి. పెంకు ఒలిచి, ఈనె లాగి, రాతి మీద పెట్టి గింజ కొట్టి తీసి, పండును మళ్ళా తూకానికి అప్పగించాలి. కిలోకు రూపాయో రూపాయిన్నరో కూలి. పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా టకటకమని వీధంతా అదే చప్పుడు. పులుపుకు వేళ్ళ కొసలు ఒరిసిపోయి ఉండేవి. అందుకే రాత్రి చేతులు కడుక్కొనేటప్పుడు ఆ సోపు వాసన అంటే మాకు అంత ఇష్టం.

కడుక్కోవడానికి నీళ్ళే లేవు. పై వీధిలో ఇంటింటికీ కొళాయి ఉంది. మేము మాత్రం ఊరవతల చేతిపంపు దగ్గరికి బిందెలతో పోవాలి. ఎండాకాలం అది కూడా గాలే ఇచ్చేది. నేను చెప్పేది రెండువేల సంవత్సరం దాటిన తర్వాత కొన్నేండ్ల సంగతి. ఆ ఏడు పంచాయతీకి ఇంకొంచెం పైపు వేసే పని వచ్చింది. ఒక్క దిక్కుకే సరిపోతుంది. పై వీధి వాళ్ళు తమ కొత్త ఇండ్ల సైట్లకు కావాలన్నారు. మేము మా వీధి మొదట్లో ఒక్క కొళాయి చాలన్నాము.

అన్నామంటే గట్టిగా అనలేదు. మా ఊరి చావడిలో సభ జరిగితే కూర్చునే పద్ధతి ఒకటుంది. కందాయం కట్టేవాళ్ళు, అంటే భూమికీ ఇంటికీ పన్ను కట్టి రసీదు ఉన్నవాళ్ళు, అరుగు మీద. మిగతావాళ్ళం కింద, మట్టిలో. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. మా అత్త కింద కూర్చుంది, నేనూ కూర్చున్నాను. మొదటిసారి కొళాయి మాటెత్తినప్పుడు, పై వీధి పెద్దాయన అరుగు మీది నుంచే అన్నాడు.

"కందాయం కట్టేది మేము. కొళాయి అడిగేది మీరా? మా దుడ్డుతో వచ్చే నీళ్ళమ్మా అవి."

ఆయన చెడ్డవాడు కాదు. కరువులో మా వీధికి రాగులు కొలిచి ఇచ్చినవాడే. ఆయన అన్నమాట నిజమనే నేనూ నమ్మినాను. నాకు భూమి లేదు. గుడిసెకు నా పేరున ఖాతా కాగితం లేదు. సర్కారుకు నేను ఒక్క పైసా ఇచ్చినదాన్ని కాదు, నాకు వచ్చేదంతా ఎవరో పెట్టిన భిక్షే అనుకున్నాను. అడుక్కొనేవాళ్ళు గొంతు ఎట్లా పెంచుతారు? తల దించుకొని లేచి వచ్చేసినాను.

ఆ ఏడే నేను అక్షరాలు నేర్చుకొంటూ ఉన్నాను. నాకు అప్పటికి యాభై దాటినాయి. మా వీధికి కోడలుగా వచ్చిన పిల్ల ఒకతె చిక్కబళ్ళాపురంలో పదో తరగతి దాకా చదివింది. సాయంత్రం చింతపండు మూటలు పక్కకు జరిపి, ఆ జాగాలోనే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పేది. నోట్లో మాట తెలుగు, పలక మీద అక్షరం కన్నడం. మాది కర్ణాటక కదా, సర్కారు పుస్తకం కన్నడంలోనే వచ్చింది మరి. తెలుగు అక్షరాలు ఆ తర్వాత చూసినాను. అక్కను చూసి చెల్లెల్ని గుర్తుపట్టినట్టు, ముక్కూ మొహం ఒకటే, కొప్పు పెట్టుకొనే తీరే వేరు.

అక్షరం వచ్చినాక లోకం మీద నుంచి ఎవరో దుప్పటి లాగేసినట్టయింది. అంతవరకూ బస్సును రంగు చూసి, కండక్టరు గొంతు విని గుర్తుపట్టేదాన్ని. ఒకరోజు బోర్డు మీద చిక్కబళ్ళాపుర అని అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివేలోపల బస్సు వెళ్ళిపోయింది. ఎక్కాల్సింది ఆ బస్సే. పోతే పోనీ అని రోడ్డు పక్కన నిలబడి నవ్వుకొన్నాను. గోడలు మాట్లాడుతున్నాయి, డబ్బాలు మాట్లాడుతున్నాయి. ఇన్నేండ్లూ ఇవన్నీ నా పక్కనే ఉండి నాతో మాట్లాడుతూనే ఉన్నాయా అని ఒళ్ళు జలదరించేది.

చదువుకోవడానికి ఇంట్లో వేరే కాగితం లేక పెట్టెలోని సోపు కాగితాలు తీసినాను. వాటి మీద ఉన్నది ఇంగ్లీషు. అంకెలు మాత్రం వచ్చు. వెల ఎంతో చదివేదాన్ని. అట్లా చూస్తూ ఉంటే ఒకటి కనిపించింది. ప్రతి కాగితం మీదా వెల పక్కన చీమల బారు మాదిరి ఒక సన్న వరస. పచ్చ కాగితం మీదా అదే వరస, ఎర్ర కాగితం మీదా అదే. టీపొడి పొట్లం చూస్తే దాని మీదా అదే. కొబ్బరినూనె డబ్బా మీదా, పండ్లు తోముకొనే పొడి మీదా అదే. వస్తువు వేరు, కంపెనీ వేరు, వరస మాత్రం ఒకటే.

అంగడివాళ్ళు లెక్కపుస్తకం తెరిస్తే మొదట దేవుడి పేరు రాస్తారు కదా. ఇది కూడా అట్లాంటిదే, ఏదో దేవుడి పేరు అనుకున్నాను. అన్ని కంపెనీలూ రాసుకున్నాయంటే చాలా పెద్ద దేవుడే అయి ఉండాలి. అప్పటి నుంచి ఏ పొట్లం విప్పినా ఆ వరసను కండ్లకద్దుకొన్నాకనే విప్పేదాన్ని. మా పక్కింటామెకూ చెప్పినాను. ఆమె కూడా అద్దుకొనేది. రెండు నెలలు గడిచినాయి.

ఒక సాయంత్రం చదువు చెప్పే కోడలు చూసింది.

"ఏమత్తా, సోపుకు దండం పెడతాండావు?"

"సోపుకు కాదమ్మా. ఇదిగో, ఈ దేవునికి. ఏ దేవుడో చదివి చెప్పు."

ఆ పిల్ల కాగితం తీసుకొని దీపం దగ్గర పెట్టి చదివింది. నవ్వు ఆపుకోలేక పలక మీద తల ఆనించింది. "అత్తా, ఇది దేవుడు కాదు, సర్కారు. అన్ని పన్నులూ కలిపిన వెల అని రాసుండాది."

"ఎవరి పన్ను?"

"నీదే. ఈ సోపు కొన్నప్పుడు నువ్వు కట్టింది. పది రూపాయల సోపులో రూపాయి దాకా పన్నే అనుకో. అంగడాయన అది తీసి సర్కారుకు కట్టల్ల."

"నేనా? నేను పన్ను కట్టినానా?"

"దేనికి కట్టలేదో అడుగు. టీపొడికి కట్టినావు, నూనెకు కట్టినావు, కాలి చెప్పులకు కట్టినావు. ఉప్పుకు మాత్రం లేదంట."

నా చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరూ ఆ కాగితాన్ని చేతులు మార్చుకొని చూసినారు. పక్కింటామె అంది. "అయితే రెండు నెలలుగా మనం దండం పెట్టుకొన్నది మనకేనా?"

అప్పుడు మేము నవ్విన నవ్వు పై వీధి దాకా వినపడి ఉంటుంది. నవ్వు అయిపోయినాక లెక్కేసుకొన్నాను. పెండ్లయి వచ్చిన నాటి నుంచి నేను ఎన్ని సోపులు అరగదీసి ఉంటాను! ఒక్కోటీ ఒక్కో రసీదు. నాకు తెలియకుండానే, నన్ను ఎవరూ అడగకుండానే, నా గుడిసెలో నుంచి రోజూ సన్నగా ఒక వాగు బెంగళూరు దాకా పారుతూనే ఉంది.

కొళాయి కోసం అర్జీ ఇద్దామని ఆ కోడలు నన్ను చిక్కబళ్ళాపురం తీసుకుపోయింది. అది అప్పుడే కొత్తగా జిల్లా అయింది. బస్సు పేరేసంద్ర దాటి పెద్దరోడ్డు మీద పోతూ ఉంటే కిటికీలో నుంచి రోడ్డునే చూస్తూ కూర్చున్నాను. ఇంత నల్లగా, ఇంత పొడుగ్గా పరుచుకున్న దాంట్లో ఏదో ఒక జానెడు నా సోపు ఉంటుంది కదా అనిపించింది. జిల్లా ఆఫీసు మెట్ల దగ్గర చెప్పులు విప్పబోతే కోడలు ఆపింది. "గుడి కాదత్తా, ఎక్కు." ఎక్కినాను. ఆ గోడను ఎవరూ చూడకుండా ఒకసారి తాకినాను కూడా. లోపల ఉన్నాయన మర్యాదగానే మాట్లాడినాడు. గ్రామసభలో తీర్మానమైతేనే పని జరుగుతుందని కన్నడంలో చెప్పి పంపినాడు. ఎటు తిరిగినా మళ్ళా ఆ చావడికే రావాలి.

సభకు వారం ముందు సాయంత్రం కోడలు పేపరు తెచ్చింది. అమ్మకం పన్ను, అదే సోపు మీది పన్ను, ఇంకా పెంచుతారంట అని ఆ వార్తను మాచేత ఒక్కో అక్షరం చదివించింది. నేను చదివిన మొదటి వార్త అదే. చదివినందుకు సంతోషపడాలో, అందులో ఉన్నదానికి బాధపడాలో తెలియలేదు. ఒక సోపు పన్ను, నేను ఒక కిలో చింతపండు కొడితే వచ్చే కూలి. అది పెరిగితే నా చేతికింద ఇంకొన్ని గింజలు పెరుగుతాయి. పెంచేవాళ్ళకు ఈ గింజల సంగతి తెలుసా?

సభ రోజు పెట్టెలోని కాగితాలన్నీ తీసి చీర కొంగులో మూట కట్టుకొన్నాను. పక్కింటామె తనవి తెచ్చింది. చూసి వీధంతా తెచ్చింది.

చావడిలో పంచాయతీ కార్యదర్శి బల్ల వేసుకొని అరుగు మీద కూర్చున్నాడు. పైపు మాట రాగానే పెద్దాయన అదే మాటన్నాడు, కందాయం కట్టేవాళ్ళకు ముందని. నేను లేచినాను. అరుగెక్కి మూట విప్పి బల్ల మీద పోసినాను. వెనకే మా వాళ్ళందరూ వచ్చి పోసినారు. చావడంతా సోపు వాసన.

"ఏమమ్మా, సభకు తలంటుతావా?" అన్నారెవరో వెనక నుంచి.

"నీకు మొదట అంటల్ల, రా" అంది మా పక్కింటామె.

నేను కార్యదర్శికి సన్న వరస చూపించినాను. "అప్పా, ఇది అందరికీ వినపడేట్టు చదువు."

ఆయన చదివి, కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పినాడు. పెద్దాయన ఒక కాగితం తీసి తిప్పి చూసినాడు.

"ఇది మా ఇంట్లో వాడే సోపే కదమ్మా."

"అవునప్పా. వెలా అంతే, పన్నూ అంతే."

"మరింకేమి? నాకెంతో నీకూ అంతే. పెంచినా అందరికీ ఒకటే పెంచుతాండారు. ఇంతకంటే న్యాయం యాడుండాది?"

నేను ఆ మాటకు జవాబు అనుకొని రాలేదు. ఆయన చేతిని, నా చేతిని చూసినాను. అదే నోటికొచ్చింది.

"అప్పా, ఆ రూపాయి కట్టేకి నువ్వు కూర్చున్న చోటినుంచి లేసే పనిలేదు. నేను కిలో చింతపండు గింజ కొట్టల్ల. సోపు మీ ఇంట్లోనూ అరుగుతాది, మా ఇంట్లోనూ అరుగుతాది. నా వేలు కూడా అరుగుతాది. ఒకే బరువు ఎద్దు మీదా, మేకపిల్ల మీదా పెట్టి ఒకటే కదా అంటే ఎట్లప్పా? అది పెంచేది తగ్గించేది మన చేతిలో లేదు. మేమూ కట్టినామని ఒప్పుకొనేది నీ చేతిలో ఉండాది."

పెద్దాయన ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని చూసినాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత దాన్ని సాపు చేసి బల్ల మీద పెట్టి, గాలికి పోకుండా తన కండ్లద్దాల పెట్టె దాని మీద ఉంచినాడు.

"నా కందాయం రసీదులు కూడా ఇన్ని ఉండవు" అన్నాడు. "పైపు కింది వీధికే పోనీప్పా. రాసుకో."

కార్యదర్శి తీర్మానం రాసి, అలవాటుగా వేలిముద్రకు సిరాడబ్బా నా వైపు జరిపినాడు. నేను పెన్ను అడిగినాను. నా పేరు రాయడానికి ఎంతసేపు పట్టిందంటే అరుగు మీదివాళ్ళకు ఆవలింతలు వచ్చినాయి. మధ్యలో పెద్దాయన పక్కకు జరిగి, "కూర్చొని రాయమ్మా" అన్నాడు. అరుగు మీద కూర్చోవడం నాకు అదే మొదలు. రాయి చల్లగా ఉంది.

కొళాయి ఎండలు ముదరకముందే వచ్చింది. పన్ను కూడా చెప్పినట్టే పెరిగింది. కొళాయి తిప్పిన రోజు నీళ్ళు మొదట ఎర్రగా తుప్పుతో వచ్చి, దగ్గి, తర్వాత తేటగా పడినాయి. వీధిలో ఎవరూ బిందె పెట్టలేదు. అందరం ఊరికే చూస్తూ నిలబడినాము. తర్వాత ఇంటికి పోయి కొత్త సోపు విప్పినాను. వెల అంకె మారింది. సన్న వరస మాత్రం అదే. ఇది న్యాయమా అని అడిగితే కాదనే అంటాను, ఇప్పుడు కూడా. కానీ ఆ వరసను చూస్తే మాత్రం నాకు ఒళ్ళు ఇంకా జలదరిస్తుంది. నేనూ సర్కారుకు ఇచ్చినానని రాసి ఉన్న కాగితం నా జన్మలో అదే మొదటిది.

ఆ కాగితాన్ని చీర మడతల్లో పెట్టలేదు. పెట్టె అడుగున రేషన్ కార్డు ఉన్న సంచిలో పెట్టినాను.