చీటీ రాయని పనులు

యూనివర్సిటీ కెమిస్ట్రీ భవనం వెనక, సైకిళ్ళ షెడ్డు పక్కనున్న గదిలో ఒకాయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గాజు ఊదేవాడు. పరిశోధన చేసే పిల్లలకు కావలసిన వంకర గొట్టాలూ, మూడు మెడల ఫ్లాస్కులూ ఆయన మంట దగ్గరే తయారయ్యేవి. అందరూ ఆయన్ని ఊదుడు బాబాయ్ అనేవారు. ఆ పేరు పెట్టిన పిల్లలు ప్రొఫెసర్లయి కూర్చున్నా పేరు మాత్రం పోలేదు. "ఉన్న ఊపిరంతా అక్కడే ఊదేసి వస్తారు, ఇంట్లో మాట్లాడ్డానికి మిగల్చరు" అని భార్య దెప్పేది.

ఆయనకొక దుర్గుణం ఉంది. మంచితనం అని ముద్దుగా అనొచ్చుగానీ, జరిగింది చూశాక అలా అనడానికి మనసొప్పదు. ఏ పనికైనా ముందు చీటీ రాయించుకుని, దానిమీద గైడు సంతకం ఉంటేనే ముట్టుకోవాలని నియమం. పగిలిన గాజుతో, ఏడుపు మొహంతో ఎవరైనా గుమ్మంలో నిలబడితే బాబాయ్‌కి ఆ నియమం గుర్తొచ్చేది కాదు. గైడు ఊళ్ళో లేడనేవాళ్ళు, గైడుకు తెలిస్తే తిడతాడనేవాళ్ళు. పని చేసి పంపేసేవాడు.

పోయిన నెల తొమ్మిది దేశాల పెద్ద యూనివర్సిటీల అధిపతులు ఇక్కడ సమావేశమయ్యారు. వాళ్ళకు బహుమతులుగా గాజు పక్షులు చేయమని వైస్ ఛాన్సలర్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. బాబాయ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. రెక్క కుదరలేదని రెండింటిని విరగ్గొట్టి మళ్ళీ చేశాడు.

పెద్దలు మూడు రోజులు మాట్లాడుకుని ఒప్పందానికొచ్చారు. ఒకే పని తొమ్మిది చోట్లా ఎందుకు, ఎవరికి ఏది గట్టిగా ఉంటే వాళ్ళు మిగతావాళ్ళకు చేసిపెట్టాలి అన్నారు. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది. గాజు పని సముద్రం అవతలి యూనివర్సిటీకి పోయింది. సంతకాలయ్యాక ఆ బల్ల దగ్గరే గాజు పక్షులు పంచిపెట్టారు.

సంగతి తెలిసి బాబాయ్ వైస్ ఛాన్సలర్ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించాడు.

"నిరుడు మీ వర్క్‌షాపు చేసినవి పదకొండు పనులని రికార్డులో ఉంది బాబాయ్. అది ముందు పెడితే వాళ్ళతో నేనేమని వాదించను?"

"పదకొండేంటండీ, రోజుకి అయిదారు చేస్తాను."

"చీటీలేవి మరి?"

"మీరూ చదువుకునే రోజుల్లో పగిలినవి తెచ్చేవారు కదండీ. ఎప్పుడైనా చీటీ అడిగానా?" అన్నాడు.

వైస్ ఛాన్సలర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అడిగుంటే బాగుండేది" అన్నాడు.

ఉద్యోగం తీసేయలేదు. పరీక్షల విభాగంలో జవాబు పత్రాలు కట్టలు కట్టే పనికి వేశారు. ఆ సాయంత్రం భార్య ఆయన చేయి ఒళ్ళోకి తీసుకుంది. "పోనీలెండి, ఇక వేళ్ళు కాల్చుకునే బాధ లేదు" అంది. "కాలని వేళ్ళు నాకెందుకే" అన్నాడాయన. ఆమె ఆ చేయి అలాగే పట్టుకుని కూర్చుంది.

శుక్రవారం గ్యాస్ సిలిండర్లు తీసుకుపోయారు, ఇక ఆ గదిలో మంట వెలగదు. బాబాయ్ తన సామాను సర్దుకుంటుంటే పరిశోధన చేసే అమ్మాయి ఒకతె గుమ్మంలోకి వచ్చింది. చేతిలో రెండు ముక్కలైన గాజు కండెన్సర్ ఉంది.

"బాబాయ్, ఇది బుధవారానికి కావాలి. లేకపోతే ఆర్నెల్ల పని పాడైపోతుంది."

కొత్త పద్ధతిలో పెట్టెలో పెట్టి సముద్రం దాటిస్తే, అది తిరిగి రావడానికి మూడు నెలలు. ఆ మాటే చెప్పబోయాడు. అమ్మాయి అప్పుడే కళ్ళు తుడుచుకుంటోంది.

"అక్కడ పెట్టి వెళ్ళమ్మా" అన్నాడు.

ఆమె మొహం విప్పారింది. గుండెల మీంచి పెద్ద బరువు దింపారని చెప్పి, ముక్కలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమెను వెనక్కి పిలిచి నిజం చెప్పాలని బాబాయ్ గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె షెడ్డులోంచి సైకిలు తీసి, ఆయనకేసి చెయ్యూపింది. ఆయన కూడా ఊపాడు.