డిస్కులోంచి తీసేసిన దగ్గు

నా భార్య దగ్గును తీసేశారు.

డిస్కులో ఉన్న వీడియోను ఇప్పటి టీవీల్లో, ఫోన్లలో ఆడేటట్టు మార్చి ఇమ్మని ఇచ్చాను. మార్చారు. దగ్గు మాత్రం లేకుండా మార్చారు. దగ్గు తియ్యమంటారా అని నన్నొక్క మాట అడగలేదు. పెన్‌డ్రైవు చేతిలో పెట్టి, జాగ్రత్తగా వెళ్ళమని చెప్పి పంపారు. జరిగింది అన్యాయం. అది ముందు రాసిన తర్వాతే మిగతాది రాస్తాను.

దయ్యాలూ గాలి సోకడాలూ నా దగ్గర చెల్లవు. మిల్లు గోడౌనులో ఎవరో ఏడుస్తున్నారని హమాలీలు పని మానేసి బయట కూర్చుంటే, నిచ్చెన వేసుకుని ఎక్కి, ఫ్యాను బేరింగులో గ్రీజు ఎండిపోయిందని చూపించింది నేనే. గ్రీజు పెట్టాను, ఏడుపు ఆగింది. గుంటూరులో పత్తి జిన్నింగు మిల్లులో ముప్ఫైయేళ్ళకు పైగా ఫిట్టరుగా చేశాను. బడి చదువు రెండో తరగతితో సరి. అంకెలు బేళ్ళ మీద మార్కులు చూసి, తెలుగేమో బైబిల్లో, పాత పేపర్లలో నేర్చుకున్నాను. ఇంగ్లీషేమో, మిషన్లతో పాటు వచ్చే పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్నాను. చప్పుడు వచ్చిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనేది నా నమ్మకం. డెబ్బై దాటేదాకా అలాగే బతికాను.

నా భార్య పేరు సుగుణమ్మ. ఇద్దరిదీ దర్శి పక్క పల్లె. పెళ్ళయ్యాక గుంటూరు వచ్చాం. నేను పత్తిలో, ఆమె మిరపకాయల్లో పడ్డాం. కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్ళు కొంగు ముక్కుకు బిగించి కట్టుకుని, కాయల గుట్ట చుట్టూ కూర్చుని పొద్దుగూకేదాకా తొడిమలు తీస్తారు. ఎన్నేళ్ళు తీసిందో ఆమె ఎప్పుడూ లెక్క చెప్పలేదు. ఆ ఘాటు లోపలికి దిగింది, మళ్ళీ బయటికి రాలేదు.

ఆమె దగ్గు ఎలా ఉండేదో రాయాలి, ఎందుకంటే సంగతంతా దాని మీదే ఉంది. ముందు రెండు పొట్టి దగ్గులు. తర్వాత కాస్త ఆగేది. అయిపోయిందనుకునేలోపు మూడోది వచ్చేది, పొడుగ్గా. దానికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేది గనక, తలుపు మూసిన గదిలోంచి వచ్చినట్టు వినపడేది. బస్సులో నేను వెనక నిలబడితే, ముందు ఆడవాళ్ళలో ఆమె ఎక్కడ కూర్చుందో చూడకుండా చెప్పేవాణ్ణి.

దానికి నేను చేసిన వైద్యం ఒకటే. పేపర్లోంచి తలెత్తకుండా "కాసిని నీళ్ళు తాగవే" అనేవాణ్ణి. ప్రేమగా అన్నానని ఇప్పుడు రాసుకోను. విసుగ్గానే అన్నాను. నలభై ఏళ్ళు అన్నాను. ఒక్కసారి కూడా లేచి తెచ్చి ఇవ్వలేదు.

రిటైరైనప్పుడు డీవీడీ రికార్డరు కొన్నాను. టీవీలో వచ్చేది డిస్కు మీదికి ఎక్కించే మిషను. హ్యాండీక్యామ్, అంటే చేతి వీడియో కెమెరా, వైరు తగిలిస్తే అది తీసిందీ ఎక్కుతుంది. సుగుణమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని దాన్ని చూసి, "టీవీలో వచ్చి పోయినదాన్ని మళ్ళీ దాచుకోని చూసేదేందయ్యా? నిన్నటి కూర లాగా!" అంది.

అయినా నేను ఆపలేదు. చర్చిలో క్రిస్మసు, ఇంట్లో ప్రార్థనలు, మా వీధిలో పెళ్ళిళ్ళు అన్నీ ఎక్కించాను. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగితే చాలు, ఆమె వంటింట్లోకి పోయేది. "నా మొహం పడితే నీ మిషను కాలిపోద్ది" అనేది. బతిమాలలేదు నేను. రేపు తియ్యొచ్చులే అనుకున్నాను. ఊళ్ళో అందరి మొహాలూ, గొంతులూ దాచినవాడి దగ్గర సొంత భార్య గొంతు ఒక్క నిమిషం లేదు. ఈ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియదు.

ఆ మిషనుకు ఒక పద్ధతుంది. రాయడం అయ్యాక డిస్కును ముగించమని ఒక మీట నొక్కాలి. అలా ముగిస్తేనే వేరే మిషన్లలో ఆడుతుంది. ముగించకపోతే రాసిన మిషను ఒక్కటే చదువుతుంది, మిగతావాటికి అది ఖాళీ డిస్కు. ఇది పుస్తకంలో చదివి పదిమందికి చెప్పినవాణ్ణి నేనే. కానీ ముగిస్తే మళ్ళీ దాంట్లో రాయడం కుదరదు. ఇంకా చోటున్నదాన్ని మూసెయ్యడం మిల్లులో పనిచేసినవాడికి చేతకాదు. సగం నిండిన పత్తి బోరానికి మూతి కుడితే మేస్త్రీ ఊరుకుంటాడా? నా డిస్కులు సగానికి సగం అలాగే ముగించకుండా ఉండిపోయాయి.

పదకొండేళ్ళ క్రితం, మిరపకాయలు యార్డుకు వచ్చే రోజుల్లో సుగుణమ్మ పోయింది. భూస్థాపన అయిన మూడో రోజున ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ళ ఇంట్లో సంఘమంతా కూర్చుని వాక్యం చదివి, పాటలు పాడి, ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పే కూడిక అది. నాకు ఏడవడం రాలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. కొత్త డిస్కు కవరు చింపి మిషన్లో పెట్టి, హ్యాండీక్యామ్ వైరు తగిలించి, కెమెరాను బీరువా మీద నుంచి గదంతా పడేటట్టు పెట్టి, వచ్చి చాప మీద కూర్చున్నాను.

కూడిక అయ్యాక మిషను అడిగింది, ముగించమంటావా అని. వద్దని నొక్కాను. ఇంకా గంటకు పైగా చోటుంది. దాంట్లో ఇంకేం రాస్తాననుకున్నానో నాకు తెలియదు. డిస్కు తీసి పెట్టెలో పెట్టాను. పదేళ్ళు దాన్ని చూడలేదు.

పోయిన ఏడాది మిషను ట్రే బయటికి రాకుండా మొరాయించింది. విప్పి బెల్టు మార్చాను. ఇంకెంతో కాలం బతకదని అర్థమైంది. అందుకని డిస్కులన్నీ ఒక్కొక్కటే పెట్టి దేంట్లో ఏముందో పుస్తకంలో రాస్తూ వచ్చాను. అలా ఒకరోజు మధ్యాహ్నం ఈ డిస్కు వంతు వచ్చింది.

పాటలయ్యాయి. వాక్యం అయింది. పాస్టరు గారు కాసేపు మౌనంగా ప్రార్థన చేసుకుందామన్నారు. గదిలో పధ్నాలుగు మంది కళ్ళు మూసుకున్నారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు దగ్గు వినపడింది. రెండు పొట్టివి. ఆగింది. మూడోది పొడుగ్గా, చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు.

తెర మీద నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. తల కూడా ఎత్తలేదు. అలాగే విసుగ్గా, "కాసిని నీళ్ళు తాగవే" అన్నాను.

ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. ఆ రోజున ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో చెప్పగలను, పాస్టరు గారు చదివిన వచనం చెప్పగలను. ఇది మాత్రం లేదు.

మళ్ళీ వేసి చూశాను. మళ్ళీ అదే. మా సలోమి వదినకు ఫోను చేసి రమ్మన్నాను. ఆమె సుగుణమ్మ అక్క, రెండు వీధుల అవతల ఉంటుంది. చెల్లెలితో పాటు అదే గుట్ట పక్కన కూర్చుని తొడిమలు తీసిన మనిషి. ఏమీ చెప్పకుండా ఆమెను కూర్చోబెట్టి మూడోసారి వేశాను.

దగ్గు రాగానే ఆమె కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఎవరయ్యా అది?"

"నువ్వే చెప్పు వదినా."

"చెప్పేదేముంది, మా సుగుణే. ఆ మూడో దగ్గు దానిది కాకపోతే నా చెవులు కోయించుకుంటా."

"పోయిన మనిషి ఎట్టా దగ్గిద్ది?"

"నన్నడుగుతావేంది? మిషను కొన్నది నువ్వు!" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు ఇంకొకటి గమనించాను. దగ్గు వచ్చిన వెంటనే, తెర మీద పధ్నాలుగు మందిలో ఒక్క సలోమి వదిన కళ్ళు తెరిచి వంటింటి గుమ్మం వైపు చూసింది. మళ్ళీ మూసుకుంది. చూపించి అడిగితే, "నేనెప్పుడు చూశాను? నాకు తెలవదు" అంది. అబద్ధమాడే మనిషి కాదు.

కారణం కోసం వెతికాను. డిస్కు ఆ రోజు కవరు చింపిన కొత్తది, పాతది ఏదీ అడుగున ఉండే వీల్లేదు. గదిలో అందరి మొహాలూ పడ్డాయి, ఎవరి నోరూ కదల్లేదు. వంటింట్లో ఎవరూ లేరు, అన్నాలు సలోమి వదిన ఇంట్లో వండారు.

నాలుగోసారి వేద్దామంటే మిషను డిస్కును తిప్పలేదు. లెన్సు పోయింది. దానికి ఇప్పుడు సామాను రాదన్నారు. పక్కింటి వాళ్ళ ప్లేయర్లో పెడితే డిస్కు లేదంది. ప్రపంచం మొత్తం మీద సుగుణమ్మ గొంతులోంచి వచ్చిన చప్పుడు అదొక్కటే నాకు మిగిలింది. అది నా చేతిలో ఉన్న పళ్ళెంలో ఉంది, వినడానికి దారి లేదు.

గుంటూరులో నాలుగు స్టూడియోల వాళ్ళు ఖాళీ డిస్కని తిప్పి ఇచ్చారు. చీరాలలో మస్తాను అని ఒకాయన పాత డిస్కులు మారుస్తాడని తెలిసి రైలెక్కి వెళ్ళాను. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. కంప్యూటర్లో పెట్టి చూసి నవ్వాడు.

"ఖాళీ కాదు బాబాయ్. మీ మిషను తన పద్ధతిలో తను రాసుకుంది. మొత్తం కలిపి ఒకటే పెద్ద ఫైలు, పేరు చివర వీ ఆర్ ఓ అని ఉంది చూడండి. ఫోను దీన్ని చూస్తే మొహం తిప్పుకుంటది. మామూలు ఫైలుగా మార్చి ఇస్తా. సౌండులో గరగరలేమన్నా ఉంటే క్లీన్ చెయ్యమంటారా?"

నేను ఊఁ అన్నానేమో. అనలేదనే నా జ్ఞాపకం.

రెండు గంటల్లో పని అయింది. ఇంటికొచ్చి టీవీకి పెన్‌డ్రైవు పెట్టాను. బొమ్మ బాగా వచ్చింది. మౌన ప్రార్థన వచ్చింది. ఫ్యాను చప్పుడు ఉంది. దగ్గు లేదు. సలోమి వదిన ఏమీ లేనిదానికి కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసింది. నేను ఏమీ లేనిదానికి నీళ్ళు తాగమన్నాను. పిచ్చివాడిలా ఉన్నాను.

ఫోను చేస్తే, "సౌండు నేను ముట్టుకోలేదు బాబాయ్" అన్నాడు. పెట్టేశాను. ఫోనులో అన్న మాట గాలికి పోతుంది. ఉత్తరం రాశాను. "దగ్గు గరగర అని నీకు ఎవరు చెప్పారు? అది ఒక మనిషి ఏళ్ళ తరబడి మిరపకాయల్లో కూర్చుని సంపాదించుకున్నది. ఊళ్ళో వాళ్ళందరి కూరల్లో కారం పడింది, ఆమె గొంతులో ఇది పడింది. దాన్ని తుడిచేసే హక్కు నీకు లేదు" అని రాశాను. జవాబు రాలేదు. ఇంకా ఘాటుగా రెండోది రాశాను. రాలేదు.

మూడో ఉత్తరం చిన్నది. డిస్కును రెండు అట్టల మధ్య పెట్టి దానితో కలిపి రిజిస్టరు పోస్టులో పంపాను. "మళ్ళీ మార్చు. ఏదీ బాగు చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు ఇవ్వు. ముసలివాణ్ణి, ఆమె దగ్గు వినాలి, అంతే" అని రాశాను. కోపమంతా అప్పటికి అయిపోయింది.

మూడు వారాలకు పాకెట్టు వచ్చింది. డిస్కు, కొత్త పెన్‌డ్రైవు, ఒక ఉత్తరం ఉన్నాయి. పెన్‌డ్రైవు ఇంకా టీవీకి పెట్టలేదు. సలోమి వదిన కూడా వచ్చి దాని వంక చూసి వెళ్ళిపోయింది. బేరింగు ఎక్కడ ఎండిందో ఈసారి నేను చెప్పలేను. మస్తాను రాసింది అక్షరం మార్చకుండా కింద ఇస్తున్నాను.

"బాబాయ్ గారికి నమస్కారం. మీ మూడు ఉత్తరాలూ అందాయి. మొదటి రెండూ చదివి కోపమొచ్చి జవాబు రాయలేదు, మన్నించండి. డిస్కు మళ్ళీ మొదటి నుంచి మార్చాను. ఈసారి ఏ క్లీనింగూ పెట్టలేదు. పోయినసారీ పెట్టలేదు, మా అమ్మ సాక్షిగా చెప్తున్నాను. డిస్కులో ఉన్న అసలు ఫైలు నేనూ మా ఆవిడా చెవులకు పెట్టుకుని నాలుగుసార్లు విన్నాం. దగ్గు లేదు బాబాయ్. ఉంటే నేనెందుకు తీస్తాను? మీరు నీళ్ళు తాగమన్న మాట ఉంది. దాని తర్వాత కొంచెం సేపటికి, వంటింటి వైపు నుంచి బిందెలో నీళ్ళు ముంచిన చప్పుడు, తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఉన్నాయి. పోయినసారి మీకిచ్చిన దాంట్లో ఇవి లేవు, నా దగ్గర కాపీ ఉంటే చూశాను. ఎట్టా వచ్చాయో నాకు తెలియదు. ముట్టుకోకుండా అలాగే ఉంచి పంపుతున్నాను."